యూనివర్సిటీకి ఇన్నే దరఖాస్తులు: లోపలి పోటీ ఎలా నడుస్తుంది

(అమెరికా యూనివర్సిటీల్లో పనిచేస్తున్న తెలుగు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పోస్ట్‌డాక్‌ల కోసం ఆన్‌లైన్‌లో ఇచ్చిన ప్రసంగ పాఠం. చివర్లో చాట్‌లో వచ్చిన కొన్ని ప్రశ్నలూ జవాబులూ ఉన్నాయి.)

అందరికీ నమస్కారమండి. గంటలో ముగించాలి కాబట్టి నేరుగా ఒక గ్రాంటు ప్రకటనలోకి దిగిపోదాం. అమెరికా ప్రభుత్వం తరఫున పరిశోధనకు డబ్బిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్ఎస్ఎఫ్) వాళ్ల మేజర్ రీసెర్చ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ పథకం. అందరూ ఎంఆర్ఐ అంటారు, ఆస్పత్రిలో స్కానింగ్ కాదు లెండి. పెద్ద పరికరాలు కొనుక్కోవడానికో తయారు చేసుకోవడానికో డబ్బిచ్చే పథకం ఇది. 23-519 నంబరు ప్రకటనలో మూడు ట్రాకులు పెట్టారు. మొదటి ట్రాకు లక్ష డాలర్ల నుంచి 14 లక్షల లోపు. రెండోది 14 లక్షల నుంచి 40 లక్షల దాకా. మూడోది హీలియం వాడకాన్ని తగ్గించే పరికరాలకు, లక్ష నుంచి 40 లక్షల దాకా. ఒక సంస్థ నుంచి మొదటి ట్రాకులో రెండు, మిగిలిన రెండింట్లో ఒక్కొక్కటి. అంటే ఎంత పెద్ద యూనివర్సిటీ అయినా నాలుగే.

ఇప్పుడు ఆ పెద్ద యూనివర్సిటీలోకి వెళ్లి చూడండి. కెమిస్ట్రీ వాళ్లకు మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. మెటీరియల్స్ వాళ్లకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. కంప్యూటర్ సైన్స్ వాళ్లు జీపీయూ క్లస్టర్ అడుగుతున్నారు. బయాలజీలో ఇద్దరు చెరో కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ కోసం చూస్తున్నారు. వీళ్లందరి మధ్యా ముందు ఇంట్లోనే పోటీ జరగాలి. ఇలాంటి వాటినే లిమిటెడ్ సబ్మిషన్లు అంటారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాట ఇక్కడ అక్షరాలా నిబంధన.

డబ్బిచ్చేవాళ్లకు ఈ పరిమితి ఎందుకు? చెప్పే కారణాలు రకరకాలుగా ఉంటాయి గానీ అసలు సంగతి వడపోత భారం. వెయ్యి దరఖాస్తులు చదవడానికి నిపుణులు దొరకరు. అందుకని మొదటి వడపోత యూనివర్సిటీ చేత చేయించుకుంటారు. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. రెండు మూడు పెద్ద సంస్థలే మొత్తం నింపేయకుండా ఆగుతాయి. ప్యాకార్డ్ ఫౌండేషన్ ఫెలోషిప్ లెక్క చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఏటా 50 యూనివర్సిటీల అధ్యక్షులను పిలిచి, తలా ఇద్దరి పేర్లు ఇవ్వమంటారు. అంటే మొత్తం వంద దాటవు. అందులో సుమారు 20 మందికి ఇస్తారు, ఐదేళ్లకు 8,75,000 డాలర్లు. బయట పోటీలో ఐదుగురిలో ఒకరికి వస్తోంది.  కష్టమంతా ఆ ఇద్దరిలో ఒకరు కావడంలోనే ఉంది.

కాబట్టి ఇవాళ్టి మాటంతా ఆ లోపలి పోటీ గురించే. బయట ప్రపోజల్ ఎలా రాయాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. లోపలి కమిటీ ఎలా ఆలోచిస్తుందో చెప్పేవాళ్లు తక్కువ.

ముందుగా పరిమితి దేనికి వర్తిస్తుందో చదవడం నేర్చుకోవాలి. ఎన్ఎస్ఎఫ్ ప్రకటన అయితే అర్హతల భాగంలో రెండు వేర్వేరు పంక్తులుంటాయి. ఒకటి సంస్థకు ఎన్ని ప్రపోజళ్లు, రెండోది ఒక్కో పరిశోధకుడికి ఎన్ని. మొదటి దాని పక్కన పరిమితి లేదని ఉంటే లోపలి పోటీ లేనట్టే. కొత్త ఫ్యాకల్టీకి ఎన్ఎస్ఎఫ్ ఇచ్చే కెరీర్ అవార్డు అలాంటిదే. మీ యూనివర్సిటీ నుంచి ఎంతమందైనా వేయవచ్చు, పరిమితి మనిషికి మాత్రమే. ఏడాదికి ఒకటి, మొత్తం మీద మూడుసార్లు. ఈ రెండు పంక్తులనూ కలిపేసి చదివి, అవసరం లేని చోట డీన్ అనుమతి కోసం తిరిగేవాళ్లున్నారు. అవసరం ఉన్న చోట ఎవరికీ చెప్పకుండా నేరుగా వేసేసేవాళ్లూ ఉన్నారు. రెండోది చాలా ప్రమాదం, దాని సంగతి తర్వాత చెప్తాను.

వైద్య పరిశోధనకు నిధులిచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ (ఎన్ఐహెచ్) అయితే ప్రకటనలో మూడో సెక్షన్ చూడాలి. అక్కడ సంస్థ అంటే సాధారణంగా సొంత యూఈఐ నంబరో (సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఎన్ఐహెచ్ ఇచ్చిన సొంత ఐపీఎఫ్ నంబరో ఉన్నదని రాస్తారు. 2022 ఏప్రిల్‌లో డన్స్ నంబరు స్థానంలో వచ్చిందే ఈ యూఈఐ. ఈ చిన్న మాట వల్ల చాలా తేడా పడుతుంది. కొన్ని చోట్ల మెడికల్ స్కూల్‌కో, అనుబంధ ఆస్పత్రికో వేరే నంబరు ఉంటుంది. అలాంటప్పుడు అక్కడి వాళ్లకూ మెయిన్ క్యాంపస్ వాళ్లకూ కోటా వేర్వేరు. మీకు రెండు చోట్లా నియామకం ఉంటే ఏ నంబరు కింద వెళ్తున్నారో, గ్రాంట్ల దరఖాస్తులు చూసే మీ స్పాన్సర్డ్ ప్రోగ్రామ్స్ ఆఫీసును ముందే అడిగి తెలుసుకోండి.

ప్రైవేట్ ఫౌండేషన్లలో లెక్క మళ్లీ మారుతుంది. విలియం టి. గ్రాంట్ స్కాలర్స్‌లో యూనివర్సిటీ మొత్తానికి కాదు, ఒక్కో పెద్ద విభాగానికి ఒకరు. ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కాలేజీ నుంచి ఒకరు, మెడికల్ స్కూల్ నుంచి ఒకరు, అలాగన్నమాట. బ్లావాట్నిక్ జాతీయ అవార్డుల్లో లైఫ్ సైన్సెస్, కెమిస్ట్రీ, ఫిజికల్ సైన్సెస్ మరియు ఇంజినీరింగ్ అని మూడు శాఖలు, శాఖకు ఒక్కరు చొప్పున ముగ్గురు. కెక్ ఫౌండేషన్‌లో సైన్స్ అండ్ ఇంజినీరింగ్ ఒక దారి, మెడికల్ రీసెర్చ్ ఇంకో దారి, దారికి ఒక్కటే. ప్యూ బయోమెడికల్ స్కాలర్స్‌లో సంస్థకు ఒక్కరే, అదీ వాళ్లు ఆహ్వానించిన సంస్థల నుంచి మాత్రమే. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో లేకపోతే మీరెంత గొప్పవారైనా ప్రయోజనం లేదు. ముందు జాబితా చూసుకోండి, తర్వాత రాయడం మొదలుపెట్టండి.

ఇంకొక చిక్కు ఉంది. వేరే యూనివర్సిటీ ముందుండి వేస్తే, మనం భాగస్వామిగా చేరితే మన కోటా ఖర్చవుతుందా? ప్రతి ప్రకటనలోనూ జవాబు వేరు. ఎంఆర్ఐ పాత ప్రకటనల్లో సబ్అవార్డు, అంటే భాగస్వామి సంస్థకు వెళ్లే వాటా, మొత్తం బడ్జెట్‌లో 20 శాతం దాటితే మీ సంస్థ లెక్కలోకి కూడా పడేది. స్నేహితుడు అడిగాడు కదా అని చేరిపోతే, ఇక్కడ మీ పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ల సీటు పోతుంది. వాళ్లు దాన్ని అంత తేలిగ్గా మరచిపోరు. భాగస్వామిగా చేరుతున్నా సరే, రీసెర్చ్ డెవలప్‌మెంట్ ఆఫీసుకు ఒక ఈమెయిల్ పెట్టండి.

ఇక క్యాలెండర్. ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. స్పాన్సర్ (డబ్బిచ్చే సంస్థ) గడువు చూసి, ఇంకా మూడు నెలలుంది కదా అనుకుంటారు. లోపలి గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది. ఎంఆర్ఐ దరఖాస్తులు తీసుకునే విండో అక్టోబర్ 15 నుంచి నవంబర్ 15 దాకా. అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టండి. స్పాన్సర్డ్ ప్రోగ్రామ్స్ ఆఫీసు పూర్తి ఫైలును సాధారణంగా ఐదు పని దినాల ముందు అడుగుతుంది. ఎంపికైన జట్టుకు పూర్తి ప్రపోజల్ రాసుకోవడానికి కనీసం ఎనిమిది నుంచి పది వారాలు ఇవ్వాలి. కమిటీ చదివి తేల్చడానికి రెండు మూడు వారాలు. అంటే లోపలి దరఖాస్తు గడువు జులై, ఆగస్టులలో పడుతుంది. అప్పటికి సగం మంది ఇండియా ప్రయాణంలో ఉంటారు. పెళ్లిళ్లూ అప్పుడే, గడువులూ అప్పుడే!

ఎక్కడ చూడాలి? దాదాపు ప్రతి పెద్ద యూనివర్సిటీలోనూ వైస్ ప్రెసిడెంట్ ఫర్ రీసెర్చ్ ఆఫీసు వెబ్‌సైటులో లిమిటెడ్ సబ్మిషన్ల పేజీ ఒకటి ఉంటుంది. చాలా చోట్ల ఇన్ఫోరెడీ అనే పోర్టల్‌లో దరఖాస్తులు తీసుకుంటారు. పివట్ అనే డేటాబేస్‌లో పరిమితి ఉన్న వాటిని వేరు చేసి వెతికే సదుపాయం ఉంది. వారానికొకసారి వచ్చే ఆ ఆఫీసు న్యూస్‌లెటర్‌ను స్పామ్‌లోకి పోనివ్వకండి. అన్నిటికంటే పనికొచ్చేది మాత్రం పోయిన ఏడాది జాబితా. ఈ పథకాల్లో ఎక్కువ శాతం ఏటా ఇంచుమించు అదే నెలలో వస్తాయి. పోయిన ఏడాది లోపలి గడువులు తీసుకుని మీ క్యాలెండర్‌లో ఆరు వారాల ముందు గుర్తు పెట్టుకోండి. ప్రకటన వచ్చాక మొదలుపెడితే మీ చేతిలో ఉండేది పది రోజులే.

లోపలి దరఖాస్తులో ఏముంటాయి? మామూలుగా రెండు మూడు పేజీల సారాంశం, బయోస్కెచ్, అంచనా బడ్జెట్ ఒక పేజీ, కొన్ని చోట్ల డిపార్ట్‌మెంట్ హెడ్ ఉత్తరం. చూడ్డానికి చిన్న పనిలా ఉంటుంది. అందుకే జనం బయటకు రాయాలనుకున్న 15 పేజీల ప్రపోజల్‌లోంచి మొదటి రెండు పేజీలు కత్తిరించి పంపేస్తారు. అది ఎందుకు పనిచేయదో తెలియాలంటే కమిటీని చూడాలి.

కమిటీలో ఐదారుగురు సీనియర్ ప్రొఫెసర్లు ఉంటారు. ఒకరు సివిల్ ఇంజినీరింగ్, ఒకరు సైకాలజీ, ఒకరు ప్లాంట్ బయాలజీ, ఇలా. మీ సబ్జెక్టు తెలిసినవాళ్లు అందులో ఒక్కరు ఉంటే మీ అదృష్టం. ఉన్నా, మీతో కలిసి పేపర్లు రాసినవారైతే తప్పుకుంటారు. అందరూ తమ పనులు చేసుకుంటూ, రాత్రిపూట చదివేవాళ్లే. ఎన్ఎస్ఎఫ్ ప్యానెల్ చూసే విషయం ఈ సైన్స్ మంచిదా అని. ఇక్కడి కమిటీ ఎదురుగా ఉన్న ప్రశ్నలు వేరు. ఇది పంపితే గెలుస్తుందా? గెలిస్తే మనం నడపగలమా? ఈ ఏడాదే ఎందుకు పంపాలి, వచ్చే ఏడాది దాకా ఆగితే ఏం పోతుంది? మీ రెండు పేజీలు ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పాలి. ఫలానా ప్రోటీన్ మడతపడే తీరు మీద సాహిత్య సమీక్షతో మొదటి పేజీ నింపేస్తే సివిల్ ఇంజినీరింగ్ ఆయన అక్కడే ఆగిపోతారు.

గెలుస్తుందా అన్నదానికి ఏం రాయాలి? స్పాన్సర్ గతంలో వేటికి ఇచ్చారో చూడాలి. ఎన్ఎస్ఎఫ్ ఇచ్చిన అవార్డులన్నీ వాళ్ల వెబ్‌సైటులో వెతకొచ్చు, ఎవరికి ఎంత ఇచ్చారో సారాంశంతో సహా ఉంటుంది. మీ పరికరంలాంటిది గత నాలుగైదేళ్లలో ఏ సంస్థలకు వచ్చిందో, మీది దానికంటే ఎందులో వేరో రెండు వాక్యాలు రాయండి. స్పాన్సర్ దగ్గర ఆ పథకం చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో మాట్లాడి ఉంటే ఆ మాట, తేదీ కూడా పెట్టండి. ఇది ఎన్ఎస్ఎఫ్, ఎన్ఐహెచ్‌ల సంగతి. ఫౌండేషన్ల దగ్గర మాత్రం పద్ధతి వేరు, దానికి మళ్లీ వస్తాను.

నడపగలమా అన్న ప్రశ్న పరికరాల విషయంలోనే అసలు పరీక్ష. సైన్స్ బ్రహ్మాండంగా ఉన్న దరఖాస్తులు ఇక్కడ పడిపోవడం మామూలే. కమిటీకి కావలసిన వివరాలు చెప్తాను. వెండర్ కొటేషన్ ఈ ఏడాదిదే ఉండాలి, రెండేళ్ల కిందటిది కాదు. పరికరం పెట్టే గది నంబరు కావాలి. ఆ గదిలో నేల కంపనం ఎంత, కరెంటు లోడు సరిపోతుందా, చల్లబరిచే నీరు ఉందా అన్నది ఫెసిలిటీస్ వాళ్లను అడిగి రాయాలి. గది మార్పులకు ఎంఆర్ఐ డబ్బు ఇవ్వదు కాబట్టి అది ఎవరు పెట్టుకుంటారో డీన్ ఒప్పుకుని ఉండాలి. సర్వీస్ కాంట్రాక్టు ఇంకో గుదిబండ. పెద్ద మైక్రోస్కోపులకు అది ఏటా కొన్న ధరలో పదో వంతు దాకా ఉంటుంది. పది లక్షల డాలర్ల పరికరానికి ఏటా లక్ష. గ్రాంటు అయిపోయాక ఆ లక్ష ఎక్కణ్నుంచి వస్తుంది? వాడేవాళ్ల దగ్గర గంటకింత అని తీసుకుంటే, ఏటా ఎన్ని గంటలు నడిస్తే గిట్టుబాటవుతుంది? నాలుగు వరుసల పట్టిక ఒకటి చాలు. గంటకు 50 డాలర్లు, ఏటా 1,500 గంటలు నడిస్తే 75,000 వస్తుంది, మిగతా 25,000 కాలేజీ భరిస్తుందని అసోసియేట్ డీన్ ఒప్పుకున్నారు. ఇలా రాసినవాళ్ల మీద కమిటీకి వెంటనే నమ్మకం కుదురుతుంది.

వాడేవాళ్ల జాబితా కూడా అంతే. 40 పేర్లు గుత్తిగా పెట్టొద్దు. పది మంది పేర్లు, ఒక్కొక్కరికీ ఏ ప్రాజెక్టు, వారానికి ఎన్ని గంటలు, ఇప్పుడు ఆ పని ఎక్కడికి వెళ్లి చేయించుకుంటున్నారు అన్నది రాయండి. ఈ చివరి దానికి విలువ ఎక్కువ. శాంపిల్స్ పక్క రాష్ట్రానికి పంపించి ఆరు వారాలు ఎదురుచూస్తున్నామంటే అవసరం ఉందని వేరే చెప్పనక్కర్లేదు.

ట్రాకు హద్దు దగ్గర జాగ్రత్త. మొదటి ట్రాకు 14 లక్షల కంటే తక్కువ. సరిగ్గా 14 లక్షలైతే రెండో ట్రాకు. 13,80,000 కొటేషన్‌తో మొదటి ట్రాకులో సీటు గెలిచాక, అక్టోబర్‌లో వెండర్ ధర పెంచితే హద్దు దాటుతుంది. రెండో ట్రాకులో ఉన్న ఒక్క సీటు అప్పటికే ఎవరికో ఇచ్చేసి ఉంటారు. అప్పుడు చేయగలిగింది ఏదో ఒక అనుబంధ భాగం తీసేయడమే. ఏది తీసేయొచ్చో ముందే అనుకుని ఉంచుకోండి. అన్నట్టు, మూడో ట్రాకు గురించి ఒక మాట. ఎన్ఎంఆర్ యంత్రాలో, సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్లో ఉన్న డిపార్ట్‌మెంట్లు హీలియం రికవరీ వ్యవస్థ కోసం ఇందులో వేయొచ్చు. నా లెక్కలో లోపలి పోటీ అతి తక్కువగా ఉండేది ఇందులోనే. మొదటి ట్రాకులో ఎనిమిది మందితో తలపడే బదులు ఫిజిక్స్, కెమిస్ట్రీ వాళ్లు కలిసి ఇటు రావడం తెలివైన పని.

ఇప్పుడు మనుషులను ఎంపిక చేసే పథకాలు. ప్యాకార్డ్, ప్యూ, సర్ల్ స్కాలర్స్ లాంటివి. ఇక్కడ ప్రాజెక్టు కంటే మనిషి ముఖ్యం, అయితే గడియారం ఆ రెండింటికంటే ముఖ్యం. ప్యాకార్డ్‌కు ఫ్యాకల్టీగా చేరి మూడేళ్ల లోపు ఉండాలి. ప్యూలో కూడా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన తేదీ నుంచే లెక్క. ఆఫర్ లెటర్ తేదీయా, జీతం మొదలైన తేదీయా, మీరు నిజంగా క్యాంపస్‌కు వచ్చిన తేదీయా అని ప్రకటనలో ఏముందో పట్టి చూడండి. వీసా ఆలస్యమై జనవరిలో చేరినవాళ్లకు ఈ తేడా ఒక ఏడాది అర్హతను తెచ్చిపెట్టొచ్చు, పోగొట్టనూ వచ్చు. యూనివర్సిటీ మీకు టెన్యూర్ (శాశ్వత నియామకం) గడువు పొడిగించినంత మాత్రాన ఫౌండేషన్ కూడా పొడిగిస్తుందనుకోవద్దు.

చేరిన కొత్తలోనే ఒక కాగితం మీద రాసుకోండి. ఏ పథకానికి ఏ ఏడాది దాకా నాకు అర్హత ఉంది, మా యూనివర్సిటీకి ఎన్ని సీట్లున్నాయి, ఎప్పుడు అడుగుతారు. ఆ కాగితం తీసుకుని డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరకు వెళ్లండి. ఇద్దరు సమానంగా ఉంటే కమిటీ ఎక్కువగా మొగ్గేది ఆఖరి అవకాశం ఉన్నవారి వైపు. మొదటి ఏడాదే వేసి ఓడిపోవడంలో నష్టం లేదు, కమిటీ మిమ్మల్ని గుర్తుంచుకుంటుంది. కానీ స్వతంత్రంగా ఒక్క పేపరూ రాకముందు నామినేషన్ గెలిచి బయట ఓడిపోతే మాత్రం, కొన్ని పథకాల్లో మళ్లీ వేయడానికి వీలుండదు. అలాంటి చోట రెండో ఏడాదే నయం.

ఇక్కడ మనవాళ్లలో ఒక అలవాటు చూస్తుంటాను. మన గురించి మనం చెప్పుకోవడం బాగోదనుకుంటారు. మా ల్యాబులో, మేము, జరిగింది అని రాస్తారు. కమిటీలో ఉన్న సైకాలజీ ప్రొఫెసర్‌కు ఇందులో మీరు చేసిందేమిటి, మీ గైడ్ చేసిందేమిటి తెలియదు. పోస్ట్‌డాక్‌లో చేసిన పనికీ ఇప్పుడు చేస్తున్న పనికీ మధ్య గీత స్పష్టంగా గీయండి. గైడ్ రాసిన ఉత్తరం ఆ గీతను చెరిపేసేలా ఉంటే ఇంకా ప్రమాదం. ఉత్తరం అడిగేటప్పుడే, ఈ కొత్త దిశ నా సొంతమని రెండు మాటలు రాయగలరా అని అడగండి. తప్పేం లేదు.

కెక్ ఫౌండేషన్ సంగతి వేరే చెప్పాలి. సుపీరియర్ ఆయిల్ కంపెనీ స్థాపించిన విలియం మైరన్ కెక్ 1954లో పెట్టిన సంస్థ అది. గ్రాంట్లు పది లక్షల డాలర్ల స్థాయిలో ఉంటాయి, ఓవర్‌హెడ్ (యూనివర్సిటీ నిర్వహణ ఖర్చుల వాటా) ఇవ్వరు. వాళ్లకు కావలసింది మామూలు ఏజెన్సీలు ముట్టుకోని పని. ఎన్ఎస్ఎఫ్‌కో ఎన్ఐహెచ్‌కో వేసి, రిస్క్ ఎక్కువ, ప్రాథమిక ఫలితాలు చాలవు అని తిరిగొచ్చిన రివ్యూ ఉందనుకోండి, ఇక్కడ అదే మీ బలం. ఆ మాటలు సారాంశంలో పెట్టండి. లోపలి కమిటీ ఇక్కడ తరచూ తిప్పికొట్టేది, బాగుంది గానీ ఎన్ఐహెచ్ మామూలు రీసెర్చ్ గ్రాంటు ఆర్01కి వేయొచ్చు కదా అని. దానికి మీ దగ్గర జవాబుండాలి. పూర్తి దరఖాస్తుకు ముందు ఒక పేజీ కాన్సెప్ట్ పేపర్ల మీద ఫౌండేషన్ సిబ్బంది అభిప్రాయం చెప్తారు. అది యూనివర్సిటీ తరఫున ఫౌండేషన్ రిలేషన్స్ ఆఫీసు నడిపే వ్యవహారం. మీరు సొంతంగా ఫోన్ చేయకూడదు. ఇందాక ఫౌండేషన్ల పద్ధతి వేరన్నది ఇదే. అదే వారంలో మీ ప్రెసిడెంట్ వాళ్లను కొత్త బిల్డింగ్ కోసం అడగబోతూ ఉండొచ్చు.

ఇప్పుడు తప్పులు. అన్నిటికంటే ఖరీదైనది చెప్పకుండా వేసేయడం. పరిమితి దాటితే ఏమవుతుందో చాలా ఎన్ఎస్ఎఫ్ ప్రకటనల్లో రాసే ఉంటుంది. ముందు అందినవాటిని తీసుకుని, మిగతావి చదవకుండానే వెనక్కి పంపేస్తారు. అంటే లోపల ఎంపికైన జట్టు గడువు రోజు సాయంత్రం వేస్తే, ఎంపిక కానివారు ఉదయమే వేసి ఉంటే, ఎంపికైన వాళ్లదే తిరిగొస్తుంది. లోపల గెలిచిన జట్టు శ్రమంతా వృథా అవుతుంది. ఇప్పుడు చాలా ఆఫీసులు సిస్టమ్‌లో తాళం వేస్తున్నాయి, అయినా చేతితో వేసే చిన్న ఫౌండేషన్ల విషయంలో ఈ ప్రమాదం అలాగే ఉంది.

రెండోది సీటు గెలిచి వేయకపోవడం. పనులు పడ్డాయి, ఈసారి కుదరలేదు అంటారు. ఆ సీటు ఇంకొకరికి దక్కేది. ఈ చెడ్డపేరు కమిటీలో చాలాకాలం ఉంటుంది. వేయలేనని అనిపించిన రోజే చెప్పేయండి. నాలుగు వారాలు మిగిలి ఉంటే రిజర్వులో ఉన్నవాళ్లు అందుకోగలరు.

దీనికి మరో వైపు కూడా ఉంది. లోపలి గడువుకు ఎవరూ రాకపోతే ఆ పథకం జాబితాలో సీటు ఖాళీ అని పెడతారు. ఆ తర్వాత ముందు వచ్చినవారికే ఇస్తారు, పోటీ లేదు. చిన్న ఫౌండేషన్లూ, హ్యుమానిటీస్ పథకాలూ ఇలా ఖాళీగా మిగలడం చాలా సహజం. ఆ పేజీని నెలకోసారి చూసేవాళ్లకు ఊరికే దొరికే సీట్లు ఇవి.

ఓడిపోతే ఏం చేయాలి? కమిటీ అభిప్రాయాలు అడగండి, రాతపూర్వకంగా ఇవ్వకపోతే పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడమనండి. పరికరమైతే ఎన్ఐహెచ్ వాళ్ల పరికరాల పథకం ఎస్10 వైపు చూడండి. అందులో సంస్థకు ఇన్నే అన్న పరిమితి సాధారణంగా లేదు. ఒకే రకం పరికరానికి రెండు దరఖాస్తులు వెళ్తున్నప్పుడు మాత్రం అది పొరపాటు కాదని, ప్రణాళిక ప్రకారమేనని పై అధికారి ఉత్తరం కావాలి. కనీసం ముగ్గురు ప్రధాన వాడుకదారులకు ఎన్ఐహెచ్ రీసెర్చ్ గ్రాంట్లు నడుస్తూ ఉండాలి. మీ పని ఫిజిక్స్ అయినా, పక్క మెడికల్ స్కూల్‌లో ముగ్గురిని పోగేయగలిగితే దారి ఉన్నట్టే.

చాట్‌లో ప్రశ్నలు చూద్దాం.

పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నాను, పోస్ట్‌డాక్ చేయకుండా వేయగలిగేది ఏమైనా ఉందా అని అడిగారు. ఎన్ఐహెచ్ డైరెక్టర్స్ ఎర్లీ ఇండిపెండెన్స్ అవార్డు, డీపీ5 అంటారు. ఏటా 2,50,000 డాలర్ల డైరెక్ట్ కాస్ట్, ఐదేళ్ల దాకా. సంస్థకు రెండే. అయితే ఇక్కడ తిరకాసేమిటంటే, మీకు స్వతంత్ర స్థానం, ల్యాబు స్థలం ఇస్తామని ఏదో ఒక సంస్థ ముందే ఒప్పుకోవాలి. ఆ సంస్థ లోపలి పోటీలో కూడా మీరు గెలవాలి. కాబట్టి థీసిస్ పూర్తికావడానికి ఏడాది ముందే డిపార్ట్‌మెంట్ హెడ్‌లతో మాట్లాడటం మొదలుపెట్టండి. అమెరికా పౌరసత్వం అవసరం లేదు.

గ్రాడ్యుయేట్ విద్యార్థుల శిక్షణకు ఎన్ఎస్ఎఫ్ ఇచ్చే ఎన్ఆర్‌టీ గురించి ఒకరు అడిగారు, మా ల్యాబులో అందరూ ఎఫ్-1 విద్యార్థులే, వేయొచ్చా అని. వేయొచ్చు, ఇన్వెస్టిగేటర్‌గా మీ పౌరసత్వంతో పనిలేదు. ఇటీవలి ప్రకటనల్లో సంస్థకు రెండు ప్రపోజళ్లు. కానీ ఎన్ఎస్ఎఫ్ స్టైపెండు అమెరికా పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే. మిగతా విద్యార్థులు శిక్షణలో చేరవచ్చు, జీతం మాత్రం వేరే నిధుల్లోంచి రావాలి. లోపలి కమిటీ దీన్ని తప్పకుండా అడుగుతుంది. మీ డిపార్ట్‌మెంట్‌లో గత మూడేళ్లలో చేరిన పీహెచ్‌డీ విద్యార్థుల్లో అర్హులు ఎంతమందో గ్రాడ్యుయేట్ స్కూల్ నుంచి అంకెలు తీసుకుని పెట్టండి. అర్హులు చాలకపోతే గణితమో, ఎకాలజీయో, దేశీయ విద్యార్థులు ఎక్కువున్న డిపార్ట్‌మెంట్‌ను కలుపుకోండి.

ఆఖరి ప్రశ్న. లోపలి పోటీలో నాతో తలపడేది మా డిపార్ట్‌మెంట్ సీనియరే, నేను వేస్తే ఆయన ఏమనుకుంటారో అని. వేసే ముందు ఆయనకు చెప్పండి. చాలాసార్లు ఇద్దరి పరికరం ఒకటే అయి ఉంటుంది, లేదా ఒకే మోడల్‌కు రెండు అటాచ్‌మెంట్లు అయి ఉంటాయి. అలాంటప్పుడు కమిటీ రెండింటినీ చూసి, కలిసి రండి అని తిప్పి పంపుతుంది, మూడు వారాలు పోతాయి. ముందే కలిస్తే ఆయన పీఐ (ప్రధాన పరిశోధకుడు), మీరు కో-పీఐ, లేదా మీరే పీఐ. అర్హత గడువు ముగిసిపోయేది మీకే అయితే, పీఐ స్థానం మీకివ్వమని అడగడానికి అదే కారణం సరిపోతుంది. ఆయన ఒప్పుకోకపోతే విడిగానే వేయండి. నిర్ణయించేది కమిటీ, మీరిద్దరూ కాదు.